అడవి చెరువు పక్కన టెంట్లా? ముందు మరుగుదొడ్డి కట్టండి

సంపాదకుడు గారికి,

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్, వరంగల్ కుర్రకారు టెంట్లు వేసుకుని లక్నవరం, కోట్‌పల్లి చెరువుల దారి పడుతున్నారు. మంచిదే. అడవిలో చెరువు దగ్గర ఒక రాత్రి ఉండటానికి ఏసీ కాటేజీ, డీజే అక్కర్లేదు. అయితే వసతులు తగ్గించడమంటే మరుగుదొడ్డి కూడా ఎత్తేయడమని మనవాళ్లు అనుకుంటున్నట్టుంది. అటవీ శాఖ గానీ పర్యాటక శాఖ గానీ కొత్తగా ఎక్కడ టెంట్లకు చోటిచ్చినా, మొదటి ఖర్చు దాని మీదే పెట్టాలి.

అమెరికాలో మిషిగన్ రాష్ట్ర అడవుల్లో సరస్సుల పక్కన ఇలాంటి బసలు చాలా ఉన్నాయి. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు తెలిసినవే. కరెంటు లేదు, స్నానాల గది లేదు. చేతిపంపు, మంటకో ఇనుప చట్రం, నీళ్లు అక్కర్లేని మరుగుదొడ్డి, అంతే. దాని కింద కాంక్రీటు తొట్టి ఉంటుంది. మామూలుగా వాడేది వెయ్యి గ్యాలన్లది, అంటే దాదాపు 3,800 లీటర్లు. చుక్క కూడా భూమిలోకి ఇంకదు. తొట్టిలోంచి నల్లరంగు వేసిన లావాటి గొట్టం కప్పు దాటి పైకి పోతుంది. ఎండకు గొట్టం వేడెక్కి లోపలి గాలిని పైకి లాగేస్తుంది కాబట్టి గదిలో కంపు ఉండదు. గొట్టం చెట్టు నీడలో పడినా, కప్పు కన్నా పొట్టిగా ఉన్నా ఈ లాగుడు సరిగా పనిచేయదు.

దీన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపితే ఒకచోట దెబ్బతింటాం. వాళ్లు కాగితం వాడతారు, మనకు నీళ్లు కావాలి. మనిషికి ఒక్కసారికి లీటరున్నర అనుకున్నా, రోజూ 40 మంది రెండేసి సార్లు వెళ్తే 120 లీటర్లు. దాదాపు నెలకే తొట్టి నిండుతుంది. అందుకే సెప్టిక్ ట్యాంకర్ పైపు అందేంత దగ్గరికి, బండి దిగబడని దారి ఉండాలి. గుట్కా ప్యాకెట్లు, ప్యాడ్లు, సీసాలు లోపల పడేస్తే ఆ పైపు మూసుకుపోతుంది, బండివాడు మళ్లీ ఆ వైపు రాడు. పక్కనే మూత ఉన్న చెత్తడబ్బా తప్పనిసరి. ఖర్చు కలిసొస్తుందని ఇంకుడు గుంతల మీద కట్టారో, మురుగు చేరేది చెరువులోకే.

చోటు విషయంలోనూ జాగ్రత్త అవసరం. నీళ్లు తగ్గాక బయటపడిన శిఖం భూమి గడ్డితో చదునుగా ఉండి అందరినీ పిలుస్తుంది. కింద తడి, టెంటు మేకులు పట్టవు, పైగా జంతువులు నీళ్లకు దిగే దారి అది. టెంట్లయినా గిన్నెలు కడగడమైనా నీటి అంచుకు కనీసం 60 మీటర్లు వెనక, ఎఫ్‌టీఎల్ హద్దుకు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీతకు, పైన ఉండాలి. కట్ట మీద అసలే వద్దు. గణపతిదేవుడి కాలం నాటి పాఖాల కట్ట మంట గుంత కోసం గడ్డపార వేసే చోటు కాదు.

ఇక మంట. అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ నిషేధిస్తోంది. అనుమతి ఉన్నచోట కూడా టేకాకు రాలి ఎండే ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా గ్యాస్ పొయ్యి తప్ప వేరే నిప్పు ఉండకూడదు. మంట ఆర్పేటప్పుడు మట్టి కప్పి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. కింద నిప్పు బతికే ఉంటుంది, మర్నాడు గాలికి లేస్తుంది. నీళ్లు పోయాలి, పుల్లతో కలపాలి, మళ్లీ పోయాలి, చెయ్యి పెడితే చల్లగా తగలాలి. వాగులో తడిసిన రాళ్లను పొయ్యికి పెట్టొద్దు, వేడికి పేలతాయి.

టెంటుకు తీసుకునే రుసుములో తొట్టి ఖాళీ చేయించే ఖర్చును విడిగా చూపి, ఆ పనిని స్థానిక వన సంరక్షణ సమితికి అప్పగించాలి. ఆ లెక్క కుదరని చెరువుల దగ్గర పగటిపూట మాత్రమే సందర్శకులను అనుమతించాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ