మాగ్డెబర్గ్‌లో పాతది ఎక్కడుందంటే

చిట్టితల్లికి, నాన్న ఆశీస్సులు.

జర్మనీలో పన్నెండు వందల ఏళ్ల ఊరని చెప్పి పంపారు, స్టేషన్ దిగి చూస్తే అన్నీ అగ్గిపెట్టెల్లాంటి అపార్ట్‌మెంట్లే అని రాశావు. నువ్వన్నది నిజమే. ఆ ఊరు రెండుసార్లు బూడిదైంది, 1631 మే 20న ఒకసారి, 1945 జనవరి 16న మరోసారి. పాతది మిగిలింది, కాకపోతే అందులో చాలా భాగం వేరే ఊళ్లలో ఉంది.

పుట్టుక సరిహద్దు వ్యాపారంతోనే. ఎల్బే నదికి ఆవల స్లావులు, ఈవల ఫ్రాంకులు. స్లావులకు ఆయుధాలు అమ్మకూడదంటూ 805లో ఫ్రాంకుల చక్రవర్తి చార్లెమేన్ ఇచ్చిన ఉత్తర్వులో తనిఖీ ఊళ్ల జాబితా ఉంది. మాగ్డెబర్గ్ పేరు మొదట కనబడేది అందులోనే. 929లో ఓటో అనే యువరాజు ఇంగ్లండ్ రాజకుమారి ఎడిత్‌ను పెళ్లాడి ఈ ఊరిని ఆమెకు కానుకగా ఇచ్చాడు. తర్వాత ఆయన చక్రవర్తి అయ్యాడు, 968లో ఊరికి ఆర్చిబిషప్ పీఠం వచ్చింది.

రాజుల సంగతి అందరూ చెబుతారు. నన్నడిగితే అంతకంటే ముఖ్యమైనది 1188లో ఆర్చిబిషప్ విఖ్‌మాన్ రాయించిన పత్రం. అప్పట్లో కోర్టులో ప్రమాణం చేసేటప్పుడు నిర్ణీత వాక్యంలో ఒక్క మాట తడబడినా కేసు పోయినట్టే. సరుకుతో వచ్చిన వ్యాపారికి అది ప్రాణసంకటం. విఖ్‌మాన్ ఆ పద్ధతిని చాలా వరకు ఎత్తేశాడు, పరాయి ఊరివాళ్ల తగవులు వెంటనే తేల్చాలన్నాడు. ఇలాంటి సౌకర్యం ఉన్న చట్టం ఎవరికి చేదు? తూర్పు ఐరోపా ఊళ్లు ఈ చట్టాన్ని తమకూ తెచ్చుకున్నాయి: 1257లో క్రాకోవ్, 1356లో ల్వివ్, 1387లో విల్నియస్, తర్వాత కీవ్ కూడా. చట్టం తీసుకున్న ఊళ్లలో చాలా చోట్ల చిక్కు వస్తే మాగ్డెబర్గ్ న్యాయపీఠానికి ప్రశ్న రాసి పంపేవాళ్లు, తీర్పు రాతలో తిరిగి వెళ్లేది. పీఠం దగ్గరున్న దస్తావేజులన్నీ 1631 మంటల్లో పోయాయి. ఇవాళ ఆ తీర్పులు చదవాలంటే అందుకున్న ఊళ్ల భాండాగారాల్లో వెతకాలి. ఈ చట్టానికి కట్టిన స్మారక స్తంభం కూడా కీవ్‌లోనే ఉంది.

1631లో ఏం తేడా కొట్టిందో చూడు. క్యాథలిక్ చక్రవర్తి సైన్యం ముట్టడించింది. ప్రొటెస్టంట్ ఊరు, స్వీడన్ రాజును నమ్ముకుంది, ఆయన సైన్యం ఇంకా దూరాన ఉంది. లోపల మందుగుండు అడుగంటింది. లొంగిపోదామని కొందరు, వద్దని కొందరు, నగర సభ ఎటూ తేల్చుకోలేకపోయింది. రాత్రంతా కోటగోడ మీద కాపలా కాసినవాళ్లు తెల్లవారుతూనే ఇళ్లకు వెళ్లారు, సరిగ్గా అప్పుడే చక్రవర్తి సేనాని టిలీ సైన్యం గోడెక్కింది. తర్వాత నిప్పంటుకుంది. దాదాపు ఇరవై వేల మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది లెక్కపెడితే ఊళ్లో మిగిలింది 449 మంది. జర్మన్‌లో చాలాకాలం ‘మాగ్డెబర్గ్ చేయడం’ అంటే సమూలంగా నాశనం చేయడమని అర్థం. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని చోట్ల తేదీ మే 10 అని ఉంటుంది. అది తప్పు కాదు, ప్రొటెస్టంట్లు అప్పటికింకా పాత క్యాలెండరే వాడేవాళ్లు.

ఆ రోజు బందీగా చిక్కి, డబ్బు చెల్లించాక విడుదలైనవాడే నీ యూనివర్సిటీకి పేరిచ్చిన ఓటో ఫాన్ గెరికె. 1646లో మేయరయ్యాడు. నువ్వు మెకానికల్ కాబట్టి ఆయన పడ్డ పాట్లు తెలుసుకోవాలి. గాలి కూడా లేని ఖాళీ స్థలం అనేది ఉంటుందా లేదా అన్నది ఆనాటి వాదం. ముందు బీరు పీపాను నీళ్లతో నింపి, బిగించి, ఇత్తడి పంపుతో నీళ్లు తోడించాడు. చెక్క సందుల్లోంచి గాలి ఈలవేస్తూ దూరింది. పీపాను నీళ్లున్న పెద్ద పీపాలో పెడితే పిట్ట కిచకిచల్లాంటి శబ్దం, అంటే నీళ్లూ గాలీ చెక్కగుండా లోపలికి జారుతూనే ఉన్నాయన్నమాట. చెక్క వదిలేసి రాగి గుండుకు వెళ్లాడు. అది పంపుతుండగా ఢామ్మని పేలి, చేతిలో బట్ట నలిగినట్టు నలిగిపోయింది, కారణం అది సరైన గుండ్రంలో లేకపోవడమే. ఆ తర్వాతే 1657లో మాగ్డెబర్గ్‌లో ఆ ప్రసిద్ధ గుర్రాల ప్రదర్శన: రెండు రాగి అర్ధగోళాలు, మధ్యలో మైనం, టర్పెంటైన్ పట్టించిన తోలు వలయం, లోపలి గాలి తోడేశాక వాటిని విడదీయడానికి ఒక్కో వైపు ఎనిమిది గుర్రాలు. అటు గోడకు కట్టేసి ఇటు ఎనిమిదితో లాగినా బలం అంతే, పదహారు చూపించింది జనం కోసం.

లెక్క నువ్వే వెయ్యి. వ్యాసం సుమారు 50 సెంటీమీటర్లు. చాలామంది అర్ధగోళం ఉపరితలం తీసుకుని రెట్టింపు జవాబు తెచ్చుకుంటారు, తీసుకోవాల్సింది అంచు వృత్తం వైశాల్యం, సుమారు 1,960 చదరపు సెంటీమీటర్లు. గాలి పూర్తిగా తీస్తే రెండు టన్నుల బరువంత బలం. కుళాయి తిప్పి గాలి లోపలికి వదిలితే చాలు, చేత్తో విడిపోతాయి. అసలు గోళాలు మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో ఉన్నాయి, అవీ ఊళ్లో లేవు!

1945 సంగతి నీకు తెలుసు: బ్రిటిష్ విమానాలు ఒక్క రాత్రిలో పాత పట్నాన్ని దాదాపు తుడిచేశాయి. బాంబులు మిగిల్చినవాటిలో కొన్నింటిని తూర్పు జర్మనీ ప్రభుత్వమే కూల్చింది. 1956లో ఉల్రిచ్ చర్చిని పేల్చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నువ్వు చూసిన డబ్బాలు ఆ కాలంవే.

ఇక డోమ్, అంటే ఊరి పెద్ద చర్చి. పాత చర్చి 1207లో కాలిపోతే 1209లో మొదలుపెట్టి, బురుజులు ముగిసేసరికి 1520 అయింది. గాయకుల మందిరంలోని పాలరాతి స్తంభాలు ఓటో చక్రవర్తి ఇటలీ నుంచి తెప్పించినవి, పాత చర్చివే మళ్లీ వాడారు. అక్కడే వెనకవైపు ఎడిత్ సమాధి ఉంటుంది. అది ఉత్త గుర్తుకే, లోపల ఏమీ లేదని చాలాకాలం అనుకున్నారు. 2008లో తెరిస్తే సీసపు పెట్టె దొరికింది, 946లో పోయిన ఆమె పేరు దానిమీద ఉంది. పేరుంటే సరిపోతుందా? పంటి పింగాణీలో స్ట్రాన్షియం పరీక్షించారు. చిన్నప్పుడు తాగిన నీటి జాడ పళ్లలో ఉండిపోతుంది కదా, ఆ జాడ దక్షిణ ఇంగ్లండ్ సున్నపు నేలతో సరిపోయింది. ఆదివారం వెళ్లేట్టయితే ముందు ప్రార్థన వేళలు చూసుకో, ఆ సమయంలో లోపల తిరగనివ్వరు.

స్వెటర్ వేసుకునే వెళ్లు, రాతి కట్టడం, లోపల చలి.

నాన్న