స్థానిక చరిత్ర ఉపసంఘం వార్షిక నివేదిక: డలిచ్ టోల్ గేటు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది మన ఉపసంఘం పనిలో అధిక భాగం దక్షిణ లండన్‌లోని డలిచ్‌లో, కాలేజ్ రోడ్డు మీద ఉన్న పాత టోల్ గేటు చరిత్ర చుట్టూనే సాగింది కనుక ఈ నివేదికను దానికే కేటాయిస్తున్నాము.

పెంజ్ ప్రాంతపు భూస్వామి జాన్ మోర్గన్, డలిచ్ కళాశాల నుంచి కౌలుకు తీసుకున్న పొలాలకు రాకపోకల కోసం 1789లో ఈ బాట వేయించాడు. దారి అనువుగా ఉండడంతో ఊరివారూ దాని మీదే బండ్లు తోలసాగారు. ఆయన గేటు నిలిపి సుంకం వసూలుకు దిగాడు. ఆయన తదనంతరం ఆ వసూలును కళాశాలే చేపట్టింది. నటుడు ఎడ్వర్డ్ ఆలెన్ 1619లో నెలకొల్పిన సంస్థ అది.

మన నడక కార్యక్రమంలో సభ్యులు ఎక్కువసేపు నిలబడింది గేటు దగ్గరి పాత ధరల బోర్డు ముందే. గొర్రెలకు, పందులకు ఇరవైకి రెండున్నర పెన్నీలు, పశువులకు ఇరవైకి పది పెన్నీలు అని రాసిన ఆ బోర్డు మీదే మోటారు కారుకు ఆరు పెన్నీలని కూడా ఉంది.

ఇంగ్లండులో పార్లమెంటు చట్టం ప్రకారం దారి సుంకం 1663లో హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వేడ్స్‌మిల్ వద్ద మొదలైంది. తరువాత పార్లమెంటు చట్టాలతో ఏర్పడిన ట్రస్టులు రోడ్ల మరమ్మతు ఖర్చు కోసం గేట్లు పెట్టి, మన ఊళ్ళలో సంత ఆశీలు పాడుకున్నట్టే, వసూలు హక్కును వేలం వేసేవి. టపా బండ్లకు సుంకం లేదు. దూరం నుంచే బండి గార్డు కొమ్ము ఊదితే కాపలాదారు గేటు తెరిచి ఉంచాలి. ఈ గేట్లను నేడు మనం ముచ్చటగా చూస్తున్నాము గాని ఆనాటి రైతులకు అవి కంటగింపే. 1749లో బ్రిస్టల్ పరిసరాల జనం వాటిని పడగొట్టారు కూడా.

రైళ్ళు వచ్చాక ట్రస్టుల రాబడి పడిపోయింది. 1864, 1865 సంవత్సరాల్లో లండన్ చుట్టుపక్కల గేట్లు చాలావరకు ఎత్తివేశారు. బ్రిటన్‌లోని చివరి ట్రస్టు 1895లో ముగిసింది. డలిచ్ గేటు మాత్రం ట్రస్టుది కాక సొంత ఎస్టేటు దారి మీదిది కావడం వల్లనే మిగిలింది, నేటికీ కార్ల నుంచి సుంకం తీసుకుంటోంది. ఇంత కాలం తరువాత కూడా వసూలు న్యాయమేనా అని చర్చాగోష్ఠిలో కొందరు సభ్యులు ప్రశ్నించారు. దారి బాగోగులకు ఎవరో ఒకరు చెల్లించక తప్పదు కనుక, వాడుకునేవారే చెల్లించడంలో తప్పు లేదని ఉపసంఘం అభిప్రాయం.

వచ్చే ఏడాది వేడ్స్‌మిల్ సందర్శనకు కార్యవర్గ ఆమోదం కోరుతున్నాము.