మామా, ఆ వేప చెట్టు కొట్టించకు

నాచారం, హైదరాబాద్
మే 20

ఒరేయ్ మామా,

నిన్న నీ ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ మీరు అమ్మాలనుకుంటున్న వనస్థలిపురం ఇంటి ముందున్న వేప చెట్టే కళ్ళలో మెదులుతోంది. "ఏజెంట్ కొట్టించమంటున్నాడు, రెండు కార్లు పట్టే జాగా వస్తే రేటు పెరుగుతుందట" అన్నావు. నువ్వేమో ఆఫీసు హడావిడిలో ఉన్నావు, నేను చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇంటర్ పరీక్షలకి మనిద్దరం ఆ చెట్టు కిందే నులక మంచం వేసుకుని చదివాం. ఆ సంగతి పక్కన పెట్టి, ఒట్టి డబ్బు లెక్క చూసినా అది కొట్టించకూడదనే చెప్తాను.

రెండేళ్ళ కిందట మా సైనిక్‌పురి ఇల్లు అమ్మినప్పుడు నేనూ నీలాగే ఆలోచించాను. అమ్మే ముందు ఇల్లు మెరిపిస్తే ధర బాగా వస్తుందని దాదాపు ఏడు లక్షలు పెట్టాను. హాల్లో మార్బుల్, వంటింట్లో కొత్త అల్మారాలు, బెడ్‌రూమ్‌లలో ఫాల్స్ సీలింగ్. తరువాత వచ్చిన పార్టీలు అడిగినవి మూడే ప్రశ్నలు: ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, ముందు రోడ్డు ఎన్ని అడుగులు. ఒక బిల్డర్ అయితే గేటు దగ్గరే నిలబడి, టేపుతో రోడ్డు కొలుచుకుని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. అతనికి మా ఇల్లు కూలగొట్టాల్సిన గోడల కిందే లెక్క. అప్పుడు మనసు చివుక్కుమంది కానీ అతని తప్పేం లేదురా. మన ఊళ్ళో ఇండిపెండెంట్ ఇల్లు అంటే ముందు నేల ధర, ఆ తరువాతే ఇల్లు.

బ్యాంకు తరఫున విలువ కట్టడానికి వచ్చిన ఇంజనీరు కాగితం కూడా చూశాను. స్థలానికి గజం లెక్కన ఇంత, కట్టడానికి దాని వయసును బట్టి తరుగు తీసేసి ఇంత. అంతే. అమ్మ ఇరవై ఏళ్ళు పెంచిన సన్నజాజి పందిరికి ఆ కాగితంలో గడే లేదు.

నువ్వు పంపిన వీడియోలో తోట ఉంటే ఇంటి ధర ఎంతో పెరుగుతుందని చెప్పారు కదా, అది అమెరికా సంగతి. అక్కడ అది నిజమే కూడా. పోర్ట్‌లాండ్ నగరంలో ఇళ్ళ అమ్మకాల మీద చేసిన ఒక పరిశోధన 2010లో వచ్చింది. ఇంటి ముందు వీధి చెట్లు ఉంటే అమ్మకం ధర సగటున 8,870 డాలర్లు పెరిగిందని, ఇల్లు 1.7 రోజులు ముందే అమ్ముడైందని తేల్చారు. కానీ అక్కడ కొనేవాడు ఆ ఇంట్లో ఉండటానికే కొంటాడు. మన దగ్గర చాలామంది పడగొట్టడానికి కొంటారు. అందుకే ఆ లెక్క తెచ్చి మన వీధిలో పెట్టలేం.

మరి చెట్టు ఎందుకు ఉంచాలంటావా? మా ఇల్లు చివరికి ఎవరు కొన్నారో చెప్తే నీకే అర్థమవుతుంది. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, ఆయన భార్య వచ్చారు. మార్బుల్ వైపు చూడనైనా చూడలేదు. ఆవిడ వెనక పెరట్లో పారిజాతం కింద నిలబడి, రాలిన పూలు కొంగులో ఏరుకుని, "ఈ చెట్టు మీరే నాటారా?" అని అమ్మను అడిగారు. ఇద్దరూ గంటసేపు అక్కడే కూర్చున్నారు. వారంలోగా బయానా ఇచ్చారు. బిల్డర్లు నేల వరకే రేటు చెప్పి, కూలగొట్టే ఖర్చు కూడా అందులో తగ్గించమన్నారు. వీళ్ళు మాత్రం నేలతో పాటు ఇంటికి కూడా డబ్బు ఇచ్చారు, ఎందుకంటే వాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటారు. తేడా అక్కడుంది మామా. తోట గజం రేటును పెంచదు. ఈ ఇంట్లో ఉందాం అనుకునే మనిషిని మన గేటు లోపలికి తెస్తుంది. అలాంటి మనిషే పాత గోడలకి కూడా విలువ కడతాడు.

మీది రెండు వందల గజాలు, ముందు ముప్పై అడుగుల రోడ్డు, నాన్నగారు దగ్గరుండి కట్టించిన గోడలు. పడగొట్టాల్సిన ఇల్లు కాదది. కాబట్టి ఉండేవాళ్ళ కోసమే తయారు చెయ్యి. వేప కొట్టించి సిమెంటు పోయిస్తే మిట్టమధ్యాహ్నం చూడటానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడలేరు. పైగా నీళ్ళు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం ఉంది, 2002 నాటిది. మన సొంత స్థలంలో ఉన్నా చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. ఏజెంట్ ఆ మాట నీకు చెప్పి ఉండడు. కారు జాగా కావాలంటే గేటును ఒక పక్కకి జరిపి, చెట్టు మొదలు చుట్టూ మట్టి వదిలి, మిగతా చోట తాండూరు బండలు సందులు ఇస్తూ పరిపించు. వాన నీళ్ళు కిందికి ఇంకుతాయి, కారూ ఆగుతుంది.

ఇక ఇంటి మీద నువ్వు ఖర్చు పెడదామనుకుంటున్న ఎనిమిది లక్షలు. దయచేసి మాడ్యులర్ కిచెన్ మీద పెట్టకు. నీకు నచ్చిన రంగు వచ్చేవాళ్ళకి నచ్చదు, వాళ్ళు అది పీకేసి వాళ్ళకి కావాల్సింది పెట్టుకుంటారు. అదే ఫ్లాట్ అయితే నా మాట వేరుగా ఉండేది. ఫ్లాట్ కొనేవాళ్ళు పడగొట్టలేరు, నేలలో వాళ్ళ వాటా కొద్ది గజాలే, అందుకే వంటిల్లు, బాత్‌రూమ్‌లే చూస్తారు. ఇంట్లో ఉండటానికి వచ్చేవాళ్ళు ముందు చూసేది నిమ్ము, నీళ్ళు, కాగితాలు.

నిమ్ము గురించి నా బాధ చెప్పనీ. అమ్మకి మిద్దె తోట అంటే ప్రాణం కదా. ఒకతన్ని పిలిచి పని అప్పజెప్పాను. అతను వాటర్‌ప్రూఫింగ్ చేయకుండానే ఇటుకలతో మడులు కట్టి, అడుగు మందాన ఎర్రమట్టి నింపేశాడు. తడిసిన మట్టి అడుగు మందం ఉంటే ఒక చదరపు మీటరుకి ఐదు వందల కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే ఇంటి డాబాకి మన భారతీయ ప్రమాణాల లెక్కలో పెట్టుకునే భారం చదరపు మీటరుకి నూట యాభై కిలోలే. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండో వానాకాలానికి కింద గదిలో సీలింగ్ నల్లబడింది, లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆ లెక్చరర్ గారు అంత ఇష్టపడి కూడా ఆ గది చూసి ఆగిపోయారు. చివరికి ఆ ఒక్క మరకకి నాలుగు లక్షలు తగ్గించాల్సి వచ్చింది. మార్బుల్‌కి పెట్టిన డబ్బులో నాలుగో వంతు ఆ డాబా మీద పెట్టి ఉంటే సరిపోయేది.

మీ డాబా మీద కుండీలు పెట్టాలంటే ముందు పగుళ్ళు పూడ్పించి, వాలు సరిచేయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించు. ఆ తరువాత కొబ్బరి పొట్టు, కంపోస్ట్ ఎక్కువ కలిపిన తేలిక మట్టితో గ్రో బ్యాగులు, అవి కూడా గోడల వారగా, నేలకి ఆనకుండా స్టాండ్ల మీద. నడి డాబా ఖాళీగా వదిలెయ్.

నీళ్ళ సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం మనవాళ్ళు ఎంత అల్లాడారో తెలుసు కదా. అప్పటి నుంచి ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ బోరు స్విచ్ వేయించి చూస్తున్నారు. సంపు కడిగించు, డాబా నీళ్ళు దిగే చోట ఇంకుడు గుంత తీయించు. ఫాల్స్ సీలింగ్ కన్నా అది నూరు రెట్లు మేలు.

పైన పెంట్‌హౌస్ గది వేద్దామన్నావు, అది మాత్రం వద్దే వద్దు. ప్లాన్‌లో లేని గది కడితే కొనేవాళ్ళ బ్యాంకు లోన్ అక్కడే ఆగుతుంది. గది వేసి ధర తగ్గించుకున్నట్టు అవుతుంది. బదులుగా పాత మంజూరు ప్లాన్, లింకు డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు ఒక ఫైల్‌లో పెట్టు.

బిల్లులు కూడా దాచు. బోరు వేయించినా, ప్రహరీ కట్టించినా, బండలు పరిపించినా, 2001 ఏప్రిల్ తరువాత చేసిన అలాంటి పనుల ఖర్చును ఇల్లు అమ్మినప్పుడు లాభం లెక్కలోంచి తీసేసుకోవచ్చు. వెల్లవేయడం లాంటి మామూలు రిపేర్లకి అది వర్తించదు. 2024 జూలై 23 కన్నా ముందే కొన్న ఇల్లు కనక, ఇండెక్సేషన్ (కొన్న ధరను ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతమో, ఇండెక్సేషన్‌తో 20 శాతమో, ఏది తక్కువైతే ఆ పన్ను కట్టొచ్చు. మీ ఆడిటర్‌తో రెండు లెక్కలూ వేయించు. నా దగ్గర సగం పనులకి బిల్లుల్లేవు, ఊరికే పోయాయి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఆషాఢంలో మనవాళ్ళు బయానా ఇవ్వరు, శ్రావణం వస్తే కానీ కదలరు. మృగశిర కార్తెకి ఇంకా రెండు వారాల పైనే ఉంది. ఆ వానకి మొక్కలు పెడితే శ్రావణానికి ఇల్లు పచ్చగా కళకళలాడుతుంది. ఖరీదైన లాన్ వద్దు, దానికి రోజూ నీళ్ళు కావాలి, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరు పోస్తారు? ఈశాన్యం ఖాళీగా వదిలి అక్కడ తులసి కోట ఒక్కటే ఉంచు, వాస్తు చూసేవాళ్ళు మొదట అటే చూస్తారు. గోడ వారగా నందివర్ధనం, మందారం, వెనక కరివేపాకు, గేటు మీదికి రాధామనోహరం. నర్సరీలో కాస్త ఎదిగిన మొక్కలే తీసుకుందాం. అన్నీ కలిపి పదిహేను, ఇరవై వేలు దాటదు.

జూన్ మొదటి ఆదివారం విజయవాడ నుంచి పొద్దున బండికి వచ్చెయ్. చెల్లెమ్మనీ తీసుకురా. ముగ్గురం నర్సరీకి వెళ్దాం. నాకు తెలిసిన మేస్త్రి ఉన్నాడు, డాబా చూడమని అతన్నీ పిలిచాను. ఏజెంట్‌కి ఈ లోపల ఫోన్ చేసి చెట్టు జోలికి పోవద్దని గట్టిగా చెప్పు. వేప పళ్ళు రాలే కాలం, వాకిలి ఊడ్చే మనిషిని కూడా మాట్లాడి పెడతాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, ఆవిడ మల్లె అంటు కావాలంటే మా బాల్కనీలో ఒకటి కట్టి ఉంచాను.

నీ దోస్తు