పాలపిట్టా, జమ్మిచెట్టూ

శీనూ,

ఎలా ఉన్నావురా? మీ పాపకు స్కూల్లో రాష్ట్ర పక్షినీ రాష్ట్ర వృక్షాన్నీ పోల్చి రాయమన్నారనీ, ఏం చెప్పాలో తోచక నువ్వు టెన్షన్ పడుతున్నావనీ తెలిసింది. నాకు ప్రాణమైన విషయం, అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరమే రాస్తున్నా.

పాలపిట్ట, జమ్మి రెండూ 2014లోనే తెలంగాణ గుర్తులయ్యాయి. రెండూ దసరావే. చూడ్డానికి మాత్రం ఎక్కడా పొంతన లేదు. కరెంటు తీగ మీద ఊరికే కూర్చున్న పాలపిట్ట మట్టిరంగులో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మిడత కనబడి కిందికి దూకిందనుకో, రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. జమ్మికి ఆ సోకు లేదు. సన్నసన్నని ఆకులు, పొట్టి ముళ్లు, పగుళ్లిచ్చిన బెరడు. కానీ వేళ్లు ఎంత లోతుకు పోతాయంటే, ఎండాకాలంలో చుట్టూ గడ్డి మాడిపోయినా అది పచ్చగానే ఉంటుంది. మేకలకు మేత, నేలకు నత్రజని. రాజస్థాన్‌లో దీన్ని ఖేజ్రీ అంటారు, లేత కాయలు కూర వండుకుంటారు. 1730లో అక్కడి ఖేజర్లీ ఊళ్లో ఈ చెట్లను కొట్టొద్దని కావలించుకుని చెట్లను కాపాడటం తమ ధర్మమనుకునే బిష్ణోయీ సమాజం వాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. ఇది మాత్రం తప్పకుండా రాయించు.

అసలు తేడా పండగ రోజున తెలుస్తుంది. జమ్మి ఆకు తెంపి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. ఆకు తెంపితే చెట్టు మళ్లీ చిగురేస్తుంది. ఈ మధ్య కొమ్మలకు కొమ్మలే విరుస్తున్నారు, అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిట్ట అంతకూడా తట్టుకోలేదు. దసరాకు దాన్ని చూస్తే మంచిదని కొందరు పట్టి, కాళ్లు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తారు. వదిలాక కూడా కొన్ని ఎగరలేవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలా పట్టడం నేరం. పెద్దలు చూడమన్నారు గానీ పట్టమన్నారా చెప్పు! అసలే దేశంలో పాలపిట్టలు తగ్గిపోతున్నాయని 2023లో పక్షుల నివేదిక కూడా చెప్పింది.

ఇంకోటి, పాలపిట్ట ఎక్కువగా ముసలి చెట్ల తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. గట్ల మీది పాత చెట్లు కొట్టేస్తే అది పిల్లల్ని ఎక్కడ పెంచాలి? పోలికలో నా దృష్టిలో ముఖ్యమైన మాట ఇదే, పాప దీంతోనే మొదలుపెడితే బాగుంటుంది.

దసరాకు మా ఊరు రండి. పొద్దున్నే పొలాల వైపు వెళ్తే తీగల మీద పిట్టలు కనబడతాయి, బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రఘు