బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఇంజనీరింగ్ పిల్లలు తయారుచేసిన పరికరాల మీద వార్తలు వస్తుంటాయి. మధ్యలో బోర్డు, చుట్టూ నలుగురు కుర్రాళ్లు, పక్కన ప్రిన్సిపాల్ గారు. బాగుంటాయి, కత్తిరించి షాపులో అంటిస్తాను కూడా. కానీ ఆ బోర్డు బ్యాటరీ మీద ఎన్ని రోజులు నడుస్తుందన్న ముక్క ఒక్క వార్తలోనూ కనపడదు. ఈ వానాకాలం మా ఇంట్లోనే ఆ దెబ్బ తిన్నాం, అందుకే రాస్తున్నాను.

భీమవరంలో నాది ఇన్వర్టర్లు, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల ప్యానెళ్లు బాగుచేసే షాపు. మా మేనల్లుడు బీటెక్ మూడో ఏడు. ఉండి దగ్గర వాళ్ల నాన్నకి, అంటే మా బావకి, రొయ్యల చెరువుంది. నీళ్లు చల్లబడితే రొయ్య మేత తగ్గించేస్తుంది, వేసింది వేసినట్టు అడుగున కుళ్లుతుంది, కాబట్టి పావుగంటకోసారి నీటి ఉష్ణోగ్రత చూసి లోరా అనే దూరపు రేడియోలో ఇంటికి పంపే బోర్డు చేశాడు. మిగతా టైమంతా కరెంటు ఆదా కోసం బోర్డు నిద్రలో ఉంటుంది. అట్మెగా 328పీ చిప్, డీఎస్18బీ20 సెన్సర్, 2600 ఎంఏహెచ్ (అంటే గంటకి ఒక మిల్లీఆంపు చొప్పున వాడితే 2600 గంటలొచ్చే) లిథియం సెల్ ఒకటి. "ఆరు నెలలు ఢోకా లేదు మావయ్యా, నిద్రలో మైక్రోఆంపులే తింటుంది" అన్నాడు. మైక్రోఆంపంటే మిల్లీఆంపులో వెయ్యో వంతు. పదకొండో రోజుకి సెల్ అయిపోయి ఆగిపోయింది. సెల్ డూప్లికేటేమో అని మార్చాం, మళ్లీ అంతే. "నీ బోర్డు కంటే మన కాపలావాడే నయంరా, రెండు పూటలా భోజనం పెడితే చాలు" అన్నాడు మా బావ.

సరే అని షాపులో కూర్చోబెట్టి బ్యాటరీ వైరు మధ్యలో కరెంటు కొలిచే మీటర్ పెట్టాం. చిన్న రేంజిలో పెడితే మీటర్ లోపలి రెసిస్టెన్స్ దగ్గరే వోల్టేజి పడిపోయి, బోర్డు లేచినప్పుడల్లా రీసెట్ అవుతోంది. మీటర్ రెండు వైర్లకీ అడ్డంగా ఒక చిన్న స్విచ్ కట్టి, లేచినప్పుడు ఆన్ చేసి, నిద్రలోకి జారుకున్నాక ఆఫ్ చేస్తే అప్పుడు నిజం కనపడింది: నిద్రలో 8.4 మిల్లీఆంపులు! 2600ని దాంతో భాగించి చూడండి, 300 గంటల పైచిలుకు, అంటే 12, 13 రోజులు. బ్యాటరీని తిట్టినందుకు దానికి క్షమాపణ చెప్పుకోవాలి.

వాడు కోడ్ చూస్తానన్నాడు, నేను వద్దన్నాను. ఒక్కో భాగం ఊడదీస్తూ మీటర్ చూడమన్నాను. బ్యాటరీ వోల్టేజిని తగ్గించి నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్ ఐసీ ఏఎంఎస్ 1117, అది ఏ పనీ చెయ్యకుండానే 5 మిల్లీఆంపులు మింగుతుంది, పైగా దానికి ఇన్‌పుట్ ఒక వోల్టు ఎక్కువ కావాలి, లిథియం సెల్‌కి అసలు పనికిరాదు. షాపుల్లో చవగ్గా దొరుకుతుందని అందరూ అదే పెడతారు! దాని బదులు ఎంసీపీ 1700 వేస్తే రెండు మైక్రోఆంపులు కూడా తీసుకోదు. ఎర్ర పవర్ లైటు ఒకటిన్నర మిల్లీఆంపులు తింటోంది. పెట్టె మూత వేశాక ఆ లైటు ఎవరు చూస్తారు? ఇక లోరా మాడ్యూల్, చిప్ నిద్రపోయినా దీన్ని పడుకోమని ఎవరూ చెప్పలేదు, స్టాండ్‌బైలో ఒకటిన్నర పైనే తింటూ కూర్చుంది. బ్యాటరీ వోల్టేజి చూడటానికి పెట్టిన రెండు 10 కే (పది వేల ఓమ్‌ల) రెసిస్టర్లలో 0.2 మిల్లీఆంపులు రాత్రీపగలూ కారుతోంది, వాటిని 1 మెగ్ (పది లక్షల ఓమ్‌లు) చేశాం.

అన్నీ చేశాక లెక్క ప్రకారం 9 మైక్రోఆంపులు రావాలి, వచ్చింది 50. మధ్యాహ్నం చూస్తే 20, మర్నాడు వాన పడుతున్నప్పుడు మళ్లీ 50. ఈ ఆటలో నాకూ రెండు రోజులు బుర్ర తిరిగింది. భూతద్దం పెట్టి చూస్తే టంకం పెట్టిన కాళ్ల మధ్య పసుపు జిగురు, మన బజారులో చిన్న డబ్బాలో అమ్మే సోల్డరింగ్ పేస్టు. గాలిలో తేమ తగిలితే అది కాస్తా కరెంటుకి దారి ఇస్తోంది. మన డెల్టాలో ఉక్కపోత సంగతి తెలిసిందే కదా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో తోమి, బాగా ఆరబెట్టి, వార్నిష్ కొట్టాం. 9 దగ్గర ఆగింది. మెసేజ్ పంపేటప్పుడు 120 మిల్లీఆంపుల దాకా లాగుతుందనుకోండి, కానీ అది సెకను లోపు ముచ్చట.

పిల్లల్ని తప్పుపట్టడానికి కాదు ఇదంతా. టేబుల్ మీద అడాప్టర్‌కి తగిలించి డెమో ఇస్తే 9 మిల్లీఆంపులకీ 9 మైక్రోఆంపులకీ ఎవరికీ తేడా తెలీదు, చెరువు గట్టు మీద పెట్టిన రైతుకే తెలుస్తుంది. కాబట్టి ఈసారి మీ విలేకరి ఏ కాలేజీకి వెళ్లినా, బోర్డు నిద్రపోయాక మీటర్‌లో ఎంత వస్తోందో చూపించమని అడిగి, ఆ అంకె కూడా వార్తలో వేయించండి. చిన్న అంకె అయితే మా బావలాంటి వాళ్లు వెతుక్కుంటూ వెళ్లి మరీ కొంటారు.

ఇట్లు,
ఒక మెకానిక్, భీమవరం