సంతకానికి గడువు రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గవర్నర్ల తీరుపై, బిల్లుల మీద వారి సంతకాల జాప్యంపై చర్చ వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతోంది. 1950లో గణతంత్రం కాకుండా, కెనడా, ఆస్ట్రేలియాల్లా డొమీనియన్‌గానే, అంటే స్వపరిపాలన ఉన్నా బ్రిటన్ రాజునే దేశాధినేతగా ఉంచుకున్న దేశంగానే, ఉండిపోతే బాగుండేదట. ఎక్కడో దూరాన ఉన్న రాజు పేరిట, ఏ పార్టీకీ చెందని గవర్నర్ జనరల్ ప్రారంభోత్సవాలు చేసుకుంటూ, ప్రభుత్వం పంపిన కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటూ హుందాగా ఉండేవారట. చదువుకున్నవాళ్లే ఇలా అంటున్నారు. ఏళ్ల తరబడి రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ ఏర్పాటు మనకు తెలియనిదేమీ కాదు. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా మనం డొమీనియనే. మౌంట్‌బాటన్ వెళ్లాక 1948 జూన్‌లో ఆ కుర్చీలో రాజాజీ కూర్చున్నారు. అలాంటివారు కూర్చుంటే పదవికి వన్నె వస్తుంది, నిజమే. కానీ ప్రతిసారీ రాజాజీ దొరకరు కదా!

1975లో ఆస్ట్రేలియాలో జరిగింది చూడండి. ప్రధాని గాఫ్ విట్లామ్‌కు ప్రతినిధుల సభలో మెజారిటీ ఉంది. సెనేట్ బడ్జెట్‌ను ఆపింది. గవర్నర్ జనరల్ జాన్ కెర్ నవంబరు 11న విట్లామ్‌ను పిలిపించి, బర్తరఫ్ ఉత్తర్వు చేతిలో పెట్టారు. ప్రతిపక్ష నేత మాల్కమ్ ఫ్రేజర్‌ను ప్రధానిని చేశారు. అదే మధ్యాహ్నం సభ ఫ్రేజర్‌పై అవిశ్వాసం ప్రకటించింది. ఆ తీర్మానం తీసుకుని స్పీకర్ వెళితే, సభ రద్దయ్యేదాకా ఆయనకు కెర్ దర్శనమే దొరకలేదు. కెర్‌కూ బ్రిటన్ రాణి కార్యాలయానికీ మధ్య నడిచిన ఉత్తరాలను అక్కడి ప్రజలు చూడగలిగింది 2020లో, అదీ అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తీర్పు తర్వాతే. రాజు దూరాన ఉన్నంత మాత్రాన ఆయన ప్రతినిధి తటస్థుడైపోతాడా?

మనకు అంత దూరం పోనక్కర్లేదు. 1984 ఆగస్టు 16న హైదరాబాద్ రాజ్‌భవన్‌లో అదే పని జరిగింది. ఎన్టీ రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చీ రాగానే గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. బలం ఎవరిదో సభలో తేల్చనివ్వలేదు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టాల్సి వచ్చింది. నెల రోజులకు, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలంతా ఈ రాష్ట్రం ఎలా ఉడికిపోయిందో చూసినవాళ్లం మరిచిపోలేం.

అక్కడ రాజరికం, ఇక్కడ గణతంత్రం. దెబ్బ మాత్రం ఒకటే. కాగితం మీద రాయకుండా వదిలేసిన అధికారమే దానికి మూలం.

అప్పట్లో డొమీనియన్‌గానే ఉన్న ఐర్లండ్ దీన్ని బాగా గ్రహించింది. 1932లో డి వలేరా ప్రభుత్వం బ్రిటిష్ పాలనపై 1916లో జరిగిన తిరుగుబాటులో పాల్గొన్న డోనల్ బక్లీ అనే దుకాణదారును గవర్నర్ జనరల్‌గా నియమింపజేసింది. ఆయన వైస్రాయ్ భవనంలో అడుగుపెట్టకుండా డబ్లిన్ శివారులో ఒక అద్దె ఇంట్లో కాపురమున్నారు. 1936లో ఆ పదవే పోయింది. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 1937 నాటి వారి రాజ్యాంగం. బిల్లు తన దగ్గరికి చేరాక ఏడో రోజు దాటకుండా అధ్యక్షుడు సంతకం చేయాలి. అనుమానముంటే ఆ గడువులోనే సుప్రీంకోర్టుకు నివేదించాలి. ఎక్కడ సొంత విచక్షణ వాడవచ్చో కూడా పేరుపెట్టి రాసుకున్నారు.

మన రాజ్యాంగం 200వ అధికరణంలో ఏముంది? బిల్లు తిప్పి పంపాలనుకుంటే గవర్నర్ 'వీలైనంత త్వరగా' పంపాలట. 163వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసి, ఫలానా విషయం తన విచక్షణ కిందికి వస్తుందా రాదా అన్నదానిపై గవర్నర్ మాటే అంతిమం అంటోంది. ఈ విచక్షణ 1935 భారత ప్రభుత్వ చట్టంలో తెల్లవాళ్లు గవర్నర్లకు ఇచ్చుకున్నది. బలాబలాలు సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కాబట్టి కొంత మేలు. బిల్లుల సంగతి మాత్రం అలాగే ఉంది. గవర్నర్లకు గడువు తాము పెట్టలేమని 2025 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయపడింది. అంటే ఇక ఆ పని పార్లమెంటుదే.

రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు, ఏ పార్టీ వారైనా సరే, 200వ అధికరణంలో 'వీలైనంత త్వరగా' తీసేసి రోజుల లెక్క రాయించే సవరణను వచ్చే సమావేశాల్లో ప్రతిపాదించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు