వేళ్లు పోయినవాడి పెన్షన్‌లో కోత ఎందుకు?

గౌరవనీయులైన కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ దగ్గర ఉంటాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపుల్లో పనిచేసే మనవాళ్లకు పీఎఫ్ ఫారాలు నింపిపెడుతుంటాను.

మొన్న ఒకాయన వచ్చారు, రేకులు నొక్కి కోసే పవర్ ప్రెస్ మెషిన్ ఆపరేటర్. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు లేవు. పెన్నును బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి సంతకం పెడతారు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) లెక్కలో రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టం. జీతంలో 90 శాతం లెక్కగట్టి అందులో 20 శాతం ఇస్తారు. 20,000 జీతగాడికి నెలకు సుమారు 3,600, అదీ బతికున్నంత కాలం. దీనికి వంక పెట్టను, ఈఎస్ఐ ఆ మాత్రం ఆదుకుంటోంది.

చిక్కంతా పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌తోనే. మళ్లీ ప్రెస్ మీద ఎవరూ నిలబెట్టరు. 52 ఏళ్లకే పని మానేసి పెన్షన్ దరఖాస్తు, అంటే ఫారం 10-డి, పెట్టుకుంటే పూర్తి పెన్షన్ వయసైన 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. 14 ఏళ్ల సర్వీసు, పెన్షన్ లెక్కకు తీసుకునే జీతం 15,000 ఉంటే 58కి నెలకు 3,000 వచ్చేది. ఈయనకు 2,300 దగ్గరే ఆగిపోతుంది, జీవితాంతం అంతే. సరదాకి ముందే రిటైరైనవాడికీ, మెషిన్ వేళ్లు తినేసినవాడికీ ఒకే కోత! గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

అదే ఈపీఎస్‌లోనే ఉన్న వైకల్య పెన్షన్ ఇస్తే కోత లేదు, మామూలు పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల సర్వీసూ అక్కర్లేదు. కానీ దానికి 'శాశ్వత, సంపూర్ణ వైకల్యం' ఉండాలంటారు. 1995 నాటి ఈ ఈపీఎస్ పథకంలో ఈ మాటకు ఒకచోట, అప్పటిదాకా చేయగలిగిన పనులన్నిటికీ పనికిరాకపోవడం అని అర్థం చెప్పారు. వైద్య పరీక్ష గురించి రాసినచోట మాత్రం దెబ్బ తగిలే నాటికి చేస్తున్న ఉద్యోగానికి పనికిరాడా అన్నదే చూడాలి. రెండోదాని ప్రకారం మా ఆపరేటర్‌కు అర్హత ఉన్నట్టే కదా! పీఎఫ్ ఆఫీసు కౌంటర్లో మాత్రం ఈఎస్ఐ కాగితంలోని '20 శాతం' చూసి, ఇది సంపూర్ణం కాదు, తగ్గింపు పెన్షన్‌కే టిక్ పెట్టుకోమన్నారు. ఎదురు చెప్పే ధైర్యం మనవాళ్లకు ఎక్కడిది?

నెల జీతం 21,000 దాటినవాళ్లకు ఈఎస్ఐ కూడా లేదు. వాళ్లకు దక్కేది యజమాని ఒక్కసారి ఇచ్చే పరిహారమే; 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 పరిహార చట్టం కింద దాన్నీ జీతం ఎంతున్నా 15,000 మీదే లెక్కగట్టేవారు. ఆ డబ్బు అప్పులకే సరిపోతుంది. తర్వాత వాళ్లకూ మిగిలేది కోత పెట్టిన పెన్షనే.

అందుకే అడుగుతున్నాను. పని ప్రమాదంలో వైకల్యం వచ్చిందని ఈఎస్ఐ మెడికల్ బోర్డు తేల్చినవాళ్లు, చేస్తున్న పనికి పనికిరాకపోతే వైకల్య పెన్షన్‌కు అర్హులేనని ఒక సర్క్యులర్ ఇప్పించండి. పథకాన్ని సవరించాలంటే ఆలస్యమవుతుందనుకుంటే, అంతవరకూ అలాంటివాళ్లకు ఏడాదికి 4 శాతం కోతనైనా ఆపించండి. ఇప్పటికే తగ్గింపు పెన్షన్‌కు టిక్ పెట్టేసినవాళ్లు మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలు కూడా అందులోనే చేర్చాలని మనవి.

ఇట్లు,
అంబత్తూరు నుంచి ఒక ఫారాల రాతగాడు